జానీ ఎత్తు బంగారం

బాలలక్ష్మికి కొత్తపేటలో సొంత ఫ్లాటుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో బైకు సీటు కవర్ల దుకాణం నడుపుకునే మొగుడున్నాడు. పెళ్ళయి చందానగర్‌లో కాపురం చేసుకుంటున్న కూతురుంది. ఇంకేం తక్కువమ్మా నీకు అంటారు చూసినవాళ్ళు. తక్కువైంది ఒక్క రాత్రి. వేరే ఊళ్ళో ఒక్క రాత్రి నిద్రపోయి, పొద్దున తీరిగ్గా లేచి, ఇంకెవరో పెట్టిన చాయ తాగాలని ఆమె కోరిక. పదమూడేళ్ళుగా అది తీరలేదు. జైల్లో ఉన్నవాళ్ళకైనా అప్పుడప్పుడు పెరోలు దొరుకుతుంది. జానీగాడి దగ్గర అదీ లేదు.

జానీ అంటే కుక్క. గోధుమ రంగు ల్యాబ్రడారు. బాలలక్ష్మి అన్నం కలిపి, ముద్ద చేసి, నోటికందిస్తే తప్ప వాడు తినడు. గిన్నెలో పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంటాడు. మొగుడు మల్లేశం పెట్టినా అంతే, కూతురు శ్రీకళ పెట్టినా అంతే. బాలలక్ష్మి వచ్చి కింద కూర్చుని, "మా నాయిన గదా, ఒక్క ముద్ద" అని బతిమాలితే అప్పుడు నోరు తెరుస్తాడు. అదీ ఏదో ఆమె మొహం చూసి తింటున్నట్టు.

ఈ అలవాటు చేసింది మాత్రం బాలలక్ష్మే. శ్రీకళ ఇంటర్ చదివేటప్పుడు ఓ అట్టపెట్టెలో వీణ్ణి తీసుకొస్తే, "కుక్కనో నేనో తేల్చుకోండి" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది ఆమె. వారం తిరక్కముందే కుక్కపిల్లకు పార్వో జబ్బు పట్టుకుంది. రక్తం విరేచనాలు. డాక్టరు పెదవి విరిచాడు. శ్రీకళ ఏడుస్తూ కూర్చుంటే, అరిచిన ఆ మనిషే గంజి కాచి, వేలితో ముంచి, రెండు రోజులు ఆ బుజ్జి నోట్లో చుక్క చుక్క రాసింది. వాడి కళ్ళు మూతలు పడుతుంటే చేతులు జోడించి మేడారం తల్లులకు మొక్కుకుంది.

"సమ్మక్క తల్లీ, ఈ పానం నిలబెట్టు. వీని ఎత్తు బంగారం నీ గద్దె కాడ పెడ్త."

మేడారంలో బంగారమంటే బెల్లమే. మనిషికి మొక్కుకుంటే మనిషంత బరువు బెల్లం, పిల్లకు మొక్కుకుంటే పిల్లంత. జానీ అప్పుడు కిలో కూడా ఉండడు. తల్లులు మాట విన్నారు, వాడు బతికాడు. వేలితో మొదలైన తిండి ముద్దగా మారిందే గానీ, చెయ్యి మాత్రం మారలేదు.

మొక్కు అలాగే ఉండిపోయింది. జాతర రెండేళ్ళకోసారి వస్తుంది, నాలుగు రోజులు జరుగుతుంది. పోయి రావాలంటే కనీసం రెండు రాత్రులు కావాలి. వచ్చిన ప్రతిసారీ బాలలక్ష్మి బట్టలు సర్దుకోవడం, జానీ వైపు చూడటం, మళ్ళీ బట్టలు బీరువాలో పెట్టేయడం. అలా ఆరు జాతరలు దాటిపోయాయి. వాణ్ణి వెంట తీసుకుపోదామంటే ఆ జనంలో మనుషులకే ఊపిరాడదు.

జాతర సంగతి అలా ఉంచండి. చండూరు దగ్గరి పల్లెలో ఆమె తండ్రి పోయిన రోజున కూడా ఇదే వరస. జానీని వాచ్‌మన్‌కు అప్పగించి మొగుడూ పెళ్ళాం పరుగెత్తారు. దహనం అయిందో లేదో వాచ్‌మన్ ఫోను, జానీ పొద్దటి నుంచి ఏమీ ముట్టడం లేదని. తల్లి ఆమె చెంగు పట్టుకుని, "ఒక్క రాత్రి నా పక్కన పండుకో బిడ్డా" అంది. బాలలక్ష్మి ఆ చెంగు మెల్లగా విడిపించుకుని ఎల్బీనగర్ బస్సెక్కింది. ఆ తల్లి కూడా మరుసటేడే పోయింది. చెంగు విడిపించుకున్న సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ బాలలక్ష్మికి అన్నం సహించదు. అయినా లేచి జానీకి కలుపుతుంది.

ఇప్పుడు వాడు ముసలివాడయ్యాడు. కళ్ళకు తెల్లటి పొర కమ్మింది. వెనక కాళ్ళు టైల్స్ మీద జారిపోతుంటే హాలంతా గోనె సంచులు పరిచిపెట్టింది. బొచ్చు మెరుపు పోయి పిడికెళ్ళు పిడికెళ్ళు ఊడిపోతోంది. కొత్తపేటలోనే దవాఖాన నడిపే డాక్టర్ అమల వాణ్ణి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏం సబ్బుతో కడుగుతున్నారమ్మా?"

"కుంకుడుకాయ రసం. వారం వారం పోస్త, వాసన రాకుండ."

"అందుకే చర్మం ఎండిపోయింది. నెలకొకసారి చాలు, అదీ కుక్కల షాంపూతో. రోజూ మాత్రం దువ్వండి. చేప నూనె గోలీలు రాస్తాను. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చికెను, గుమ్మడికాయ పెట్టండి, అన్నం సగానికి తగ్గించండి. తుంటి కీళ్ళు అరిగిపోయాయి. బరువు తగ్గితేనే ఇంకొన్నాళ్ళు నడుస్తాడు."

బాలలక్ష్మి డాక్టరు చెప్పింది చెప్పినట్టు చేసింది. నెల తర్వాత మళ్ళీ తీసుకుపోయి కాటా మీద నిలబెడితే వాడు తగ్గకపోగా రెండు కిలోలు పెరిగాడు. డాక్టరు కళ్ళద్దాల మీంచి చూసింది.

"నిజం చెప్పండమ్మా. ఇంకేం పెడుతున్నారు?"

"తల్లుల తోడు, మీరు చెప్పిందే పెడ్తున్న. అది గూడ తింట లేడు సరిగ్గ. బతిమాలి బతిమాలి చేతితోని పెడ్తున్న."

"చేత్తో ఎందుకు? గిన్నె పెట్టి పక్కకు జరగండి. ఆకలైతే అదే తింటుంది."

"వీడు అట్ల తినడు డాక్టరమ్మా. నేను లేకుంటె ఉపాసం ఉంటడు గని తినడు."

"ఉపవాసం ఉండేవాడు బరువు పెరగడు కదా" అని డాక్టరు నవ్వింది. "ఎవరో బయట పెడుతున్నారు. ఎవరో చూసుకోండి. ఈ వయసులో ఆ బరువు మోయలేడు."

ఆ వారంలోనే తుర్కయంజాల్ నుంచి అక్క అండాలమ్మ ఫోను చేసింది. పైనెల జాతరకు వ్యాను మాట్లాడారట. ఎల్బీనగర్ రింగురోడ్డు దగ్గర ఆగి ఎక్కించుకుంటారట.

"ఈసారన్న వస్తున్నవా లేదా? అప్పుడే తీర్చుకుంటె ముక్క బెల్లంతోని అయిపోతుండె. ఇప్పుడు బస్త గావాలె. ఇంకో రెండేండ్లు ఆగితె వాడుంటడో ఉండడో."

బాలలక్ష్మికి అదే భయం. ఇచ్చిన ప్రాణానికి మొక్కు చెల్లించకపోతే తల్లులు ఊరుకుంటారా? వాడు పోయేలోపు మొక్కు తీర్చాలి. తీర్చాలంటే వాణ్ణి వదిలి పోవాలి. వదిలి పోతే తినడు. ఈ వయసులో రెండు రోజులు తినకపోతే ఉండడు. ఎటు తిరిగినా జానీయే అడ్డంగా పడుకుని ఉన్నాడు, తోక ఊపుకుంటూ.

"చూస్త అక్కా" అంది. ఆరుసార్లూ ఆమె అన్న మాట అదే కాబట్టి అండాలమ్మ ఫోను పెట్టేసింది.

జానీకి బయట ఎవరు పెడుతున్నారో కనుక్కోవాలి కదా. బాలలక్ష్మి అనుమానం కింది ఫ్లాటు శేషారత్నం మీదికి పోయింది. తెనాలి వైపు మనిషి, శుక్రవారం వస్తే గిన్నెడు చక్కెర పొంగలి చేసి బిల్డింగంతా పంచుతుంది. ఆ పంపకంలో జానీకి వాటా ఉండే ఉంటుందని ఈమె లెక్క. మెట్ల దగ్గర నిలదీసింది.

"శేషారత్నమ్మా, మా జానీకి ఏమన్న పెడ్తున్నరా మీరు? డాక్టరు తిడ్తుంది నన్ను."

"అయ్యో, నేనెందుకు పెడతానండీ? మీవాడు మా గుమ్మం తొక్కితే కదా." శేషారత్నం నొచ్చుకుంది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు తేలిగ్గా అంది. "అయినా రోజూ పొద్దున చెరువుగట్టు దగ్గర మీవారు పెడుతూనే ఉంటారుగా. వాకింగుకెళ్ళే వాళ్ళమంతా చూస్తుంటాం. ఇద్దర్నీ చూస్తే భలే ముచ్చటేస్తుందండీ."

మల్లేశం ఏళ్ళ తరబడి పొద్దున్నే జానీని సరూర్‌నగర్ చెరువు వైపు తిప్పుకొస్తాడు. ఈమధ్య వాడు నడవలేకపోతే స్కూటీ ముందు కాళ్ళ దగ్గర కూర్చోబెట్టుకుని తీసుకుపోతున్నాడు. చల్లగాలికి పోతున్నారనుకుంది బాలలక్ష్మి. పుణ్యాత్ముడు, కుక్కను ఎంత బాగా చూసుకుంటాడు అని నలుగురికీ చెప్పింది కూడా.

మర్నాడు వాళ్ళిద్దరూ బయల్దేరిన కాసేపటికి శేషారత్నంతో కలిసి ఆటో ఎక్కింది. గట్టు దగ్గర దిగగానే శేషారత్నం నడకకు పోయింది, బాలలక్ష్మి రోడ్డు పక్క చాయ హోటల్ చాటున నిలబడింది.

మల్లేశం బల్ల మీద కూర్చున్నాడు. కాళ్ళ దగ్గర జానీ. హోటలాయన అడక్కుండానే చాయ, ఓ పొట్లంలో ఉస్మానియా బిస్కెట్లు, ఒక బన్ను తెచ్చిపెట్టాడు. మల్లేశానికి షుగరు. ఇంట్లో ఆయనకు పొద్దునా రాత్రీ జొన్న రొట్టె, చక్కెర లేని చాయ. ఇక్కడ మహారాజు బిస్కెట్టును చాయలో ముంచి కళ్ళు మూసుకుని తింటున్నాడు. బన్ను ముక్కలు చేసి ఓ పేపరు మీద వేసి కింద పెట్టాడు. జానీ దాన్ని బతిమాలించుకోలేదు, వాసన చూడలేదు, ఎవరి మొహమూ చూడలేదు. వంచిన తల ఎత్తకుండా బన్నంతా తినేసి, పేపరు నాకి, బిస్కెట్ల కోసం పైకి చూశాడు.

"ఏం గావాలమ్మా?" అన్నాడు హోటలాయన ఆమెను చూసి.

"గా కుక్క రోజు ఒస్తదా?"

"నేనీడ హోటల్ పెట్టిన కాడికెల్లి ఒస్తదమ్మా. మస్తు మంచి కుక్క. కింద ఏసింది ఏసినట్టు తింటది. ఒక్కనాడు గూడ ఒద్దనలే."

ఆ గొంతు జానీ పట్టేశాడు. తోక ఊపుకుంటూ ఈమె వైపు రాబోయి వెనక కాళ్ళు తడబడి కూలబడ్డాడు. మల్లేశం తల తిప్పాడు. చేతిలో బిస్కెట్టు విరిగి చాయలో పడిపోయింది.

బాలలక్ష్మి వచ్చి ఎదురు బల్ల మీద కూర్చుంది. అరుస్తుందనుకున్నాడు మల్లేశం. ఆమె అరవలేదు. దానికే ఆయనకు ఎక్కువ భయమేసింది.

"ఎప్పటి సంది?"

"చిన్నప్పటి సంది. జబ్బు తక్కువైనంక, జర బలమొస్తదని మొదలుపెట్టిన."

"మరి ఇంట్ల నేను ముద్ద పట్టుకొని బతిమాలుతుంటె, చూసుకుంట ఎట్ల కూసున్నవయ్యా?"

మల్లేశం చాయ కప్పులోకి చూశాడు. "చెప్తె బిస్కెట్లు బంద్ చేస్తవని. వానియి బంద్ చేస్తె, నాయి గూడ బంద్ అయితయి."

బిస్కెట్లు. బాలలక్ష్మి ఆ మాటను లోపల రెండు మూడుసార్లు తిప్పి చూసుకుంది. ఇంకేదైనా పెద్ద కారణం ఉంటే బాగుండేది. తనంటే పడకనో, పుట్టింటివాళ్ళంటే గిట్టకనో దాచాడంటే కనీసం కొట్లాడటానికైనా పనికొచ్చేది. కడుపు నిండిన కుక్క ముందు కూర్చుని పదమూడేళ్ళు బతిమాలింది తను, రెండు బిస్కెట్ల కోసం.

"మా నాయిన పోయిన్నాడు?"

ఆయన చాయ కప్పును బల్ల మీద అటూ ఇటూ జరిపాడు.

"నిన్నే అడుగుతున్న. ఆ దినం గూడ పెట్టినవా వీనికి?"

"పొద్దుగాల ఫోనొచ్చింది గదా" అన్నాడు మల్లేశం మెల్లగా. "మల్ల ఎప్పుడొస్తమో ఏందో అని రెండు బన్నులు పెట్టిన. వాచ్‌మన్ ఫోన్ చేసినప్పుడు చెప్దామనుకున్న. నువ్వప్పటికే చెప్పులేసుకున్నవ్. బస్సెక్కినంక చెప్పి ఏం లాభమని."

"మా అమ్మ నా చెంగు పట్టుకుంది."

"చూసిన."

చూశాడు. చూసి, పక్క సీట్లో కూర్చుని, కిటికీకి తలానించి ఎల్బీనగర్ దాకా నిద్రపోయాడు. బాలలక్ష్మి కళ్ళ నీళ్ళు గిర్రున తిరిగాయి. అవి కోపానివో, అమ్మవో, తన తెలివితక్కువతనానివో ఆమెకే తెలియలేదు. జానీ పాకుతూ వచ్చి ఆమె పాదం మీద గడ్డం ఆనించాడు. మూతి నిండా బన్ను పొడి. చెంగుతో ఆ మూతి తుడిచింది. తుడుస్తున్న తన చేతిని చూసుకుని మరింత ఒళ్ళు మండింది.

ఇంటికొచ్చిన వెంటనే అండాలమ్మకు ఫోను చేసి, "నా సీటు ఉంచు" అంది.

ఆ నెల రోజులూ మల్లేశం ఇంట్లో పిల్లిలా తిరిగాడు. పొద్దుటి షికారు ఇంటి ముందు సందు వరకే. జానీని రోజూ దువ్వే పని ఆయనకే పడింది. కిటికీ దగ్గర కూర్చుని దువ్వుతుంటే చుండ్రు తగ్గింది, కొత్త బొచ్చు కాస్త నిగనిగలాడింది. బరువు కూడా తగ్గడం మొదలైంది. ముద్దలు మాత్రం బాలలక్ష్మే పెట్టింది. గిన్నె పెట్టి పక్కకు జరగమని డాక్టరు చెప్పిన మాట గుర్తుంది. పేపరు మీద బన్ను తిన్న దృశ్యమూ కళ్ళ ముందే ఉంది. అయినా బన్ను వేరు, బువ్వ వేరు అనుకుంది. ఒకవేళ నిజంగా తినకపోతే వ్యాను ఎక్కే ధైర్యం చాలదు. నిజంగా తినేస్తే ఏమవుతుందో ఆలోచించబుద్ధి కాలేదు.

జాతర దగ్గర పడ్డాక కొత్తపేటలో బెల్లం దుకాణాల ముందు పెద్ద కాటాలు వెలిశాయి. మనుషులు వరసగా ఎక్కి దిగుతున్నారు. మల్లేశం జానీని ఆటోలో తీసుకొచ్చి కాటా మీద కూర్చోబెట్టాడు. వరసలో ఉన్న ఒకామె వింతగా చూసింది.

"కుక్క ఎత్తా అమ్మా?"

"పానం ఎత్తు" అంది బాలలక్ష్మి.

అడిగినామె వంగి జానీ తలను తాకి కళ్ళకద్దుకుంది. రెండో తట్టలో బెల్లం ముద్దలు పేర్చుతుంటే, అవి పెరిగీ పెరిగీ ఓ బస్తా దాటాయి. అన్నీ కట్టించి బాలలక్ష్మి మొగుడి వైపు తిరిగింది.

"నీ బిస్కెట్లన్ని బెల్లమైనయ్. మొయ్యి."

ఆయన కిక్కురుమనకుండా రెండు విడతలుగా ఆటోలోకి మోశాడు. ప్రయాణం రోజున ఎల్బీనగర్ రింగురోడ్డు దగ్గర వ్యాను మీదికి ఎక్కించిందీ ఆయనే. నడుం పట్టుకుని నిలబడి, "పోయి రా, ఫికర్ జేయకు" అన్నాడు. జానీకి ఉడికించిన చికెను, గుమ్మడికాయ ఫ్రిజ్‌లో పెట్టి, ఏ పూట ఎంతో, గోలీ ఎప్పుడో మూడుసార్లు చెప్పి బాలలక్ష్మి వ్యాను ఎక్కింది. ఉప్పల్ దాటే వరకు ఫోను చేతిలోనే పట్టుకుంది. భువనగిరి దాటాక గంట చూసుకుంది. జానీ తిండి వేళ.

ఆలేరు దగ్గర చెట్ల నీడన వ్యాను ఆపి అందరూ డబ్బాలు విప్పారు. పదమూడేళ్ళలో రాత్రికి ఇల్లు చేరనక్కర్లేని ప్రయాణం ఇదే మొదలు. బాలలక్ష్మి పెరుగన్నం కలుపుతూ ఫోను వైపే చూస్తోంది. అన్నం కలిపిన చెయ్యి దానంతటదే చిన్న ముద్ద చేసి, డబ్బా అంచున పక్కకు పెట్టింది. మొదటి ముద్ద ఎప్పుడూ వాడిదే.

ఫోను మోగింది. మల్లేశం వీడియో పంపాడు.

గోనె సంచి మీద గిన్నె. గిన్నెలో జానీ మూతి. చెవులు ఊగుతున్నాయి, తోక ఊగుతోంది. గిన్నె సంచి మీంచి జారి టైల్స్ మీద గణగణమంటూ గోడ దాకా పోతే, వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ దాని వెంట పడ్డాడు. అడుగు కనిపించే దాకా నాకి, తలెత్తి చూసి, ఇంకా ఏమైనా ఉందా అన్నట్టు నిలబడ్డాడు. ఎవరూ బతిమాలలేదు.

"దొంగ సచ్చినోడు" అని అండాలమ్మ పడీ పడీ నవ్వింది. "చూడవే, ఎట్ల మింగుతుండో. నువ్వు లేకుంటె పానం ఇడుస్తడంటివి."

బాలలక్ష్మి కూడా నవ్వింది. ప్రాణం తేలికపడింది, అది నిజం. కానీ తాళం వేసిన గదిలో ఉన్నాననుకుంది ఇన్నాళ్ళూ. తలుపు తీసే ఉంది. ఆ సంగతి వాడికి తెలుసు, ఆయనకు తెలుసు, చాయ హోటలాయనకు కూడా తెలుసు. తెలియనిది తనకే, తన చెయ్యి లేకపోతే ఒక ప్రాణం నిలవదని నమ్మిందీ తనొక్కతే. ఆ నమ్మకం పోయాక చెయ్యి ఖాళీగా అనిపించింది. వీడియో మళ్ళీ ఒకసారి చూసి, డబ్బా అంచున పెట్టిన ముద్ద తీసి తనే నోట్లో వేసుకుంది.

మల్లేశం ఫోను చేశాడు.

"చూసినవా? మొత్తం తిన్నడు. ఏం పరేషాన్ గాకు. నిమ్మళంగ మొక్కు తీర్చుకొని రా."

"నువ్వు తిన్నవా?"

"ఇంకా లేదు" అన్నాడు. "రొట్టెలు ఆడనే ఉన్నయ్ గని, ఎందుకో తినబుద్ది అయితలేదు. నువ్వు ముంగట ఉండి పెడ్తుంటివి గదా. ఎల్లుండికల్ల ఒస్తవ్ గదా నువ్వు?"

బాలలక్ష్మి వ్యాను మీద కట్టిన బెల్లం బస్తాల వైపు చూసింది. ఇదివరకైతే ఆ గొంతుకు ఆమె ఏ ఊళ్ళో ఉన్నా బస్సు వెతుక్కునేది.

"గిన్నెల పెట్టుకొని కూసో" అంది. "ఆకలైతె నువ్వే తింటవ్."

ఫోను సంచిలో వేసి, అక్క డబ్బాలోంచి మామిడికాయ తొక్కు తీసుకుని తన అన్నంలో కలుపుకుంది. డ్రైవరు హారను కొట్టినా తొందరపడలేదు. మెతుకు మిగలకుండా తిని, చెయ్యి కడుక్కుని వ్యాను ఎక్కింది.